జాక్ మాట్లాడతానన్నాడు

జాక్ హార్‌గ్రేవ్ ఎవరికైనా చేయి అందించే లోపు, ఆయన ఎడమ భుజం వెనక నుంచి ఒక ఆడగొంతు ఆ మనిషి పేరు అందించేది.

"మార్గరెట్. మోకాలి ఆపరేషన్."

"మార్గరెట్! మోకాలెలా ఉంది?" అనేవాడు జాక్, ముఖమంతా నవ్వుతో. పార్లమెంటులో ఇరవై ఏడేళ్ళుగా కూర్చుంటున్న మనిషి తన మోకాలిని గుర్తుపెట్టుకున్నాడని మార్గరెట్ ఆ వారమంతా అందరికీ చెప్పుకునేది. భుజం వెనకున్న మనిషిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. చీర మీద ఉన్ని కోటు తొడుక్కుని, తన సంచీతో పాటు ఆయన గొడుగు కూడా పట్టుకుని నిలబడే ఆ యాభై మూడేళ్ళ ఆవిడ పేరు రత్నకుమారి. సొంత ఊరు తెనాలి.

టాస్మానియా చిన్న రాష్ట్రం. కాన్‌బెరాలోని పార్లమెంటు దిగువ సభలో దానికున్నవి ఐదే సీట్లు. అందులో ఒక సీటు లాన్సెస్టన్‌ది. ఆ ఊరి చుట్టుపక్కల జనానికి జాక్ ఇంటిపేరుతో పనిలేదు. ఉన్ని మిల్లు ఫోర్‌మన్ కొడుకు. సూపర్‌మార్కెట్‌లో కనపడతాడు, ఫుట్‌బాల్ మైదానంలో కనపడతాడు, ఎవరైనా పోతే శవపేటిక వెనక మూడో వరసలో కనపడతాడు. ఓటు పార్టీకి వేసేవాళ్ళకంటే జాక్‌కి వేసేవాళ్ళే ఎక్కువ. అందుకే పార్టీ ఆయన జోలికి వెళ్ళలేదు. ఆయన తప్పుకుంటే సీటు పోతుందని పార్టీకి తెలుసు.

రత్నకుమారి ఈ ఊరికి భర్త శేషాచలంతో వచ్చింది. ఆయన ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవాడు. వచ్చిన తొమ్మిదో ఏట క్లాసులో, బోర్డు దగ్గరే కూలిపోయాడు. ఇంట్లో స్కూలుకెళ్ళే కూతురు తన్మయి. రత్నకుమారి అప్పటిదాకా ఒక్కరోజు కూడా ఉద్యోగం చేసిన మనిషి కాదు. ఇంగ్లీషు చదవగలదు, ఫోన్లో ఎదుటివాళ్ళు మాట్లాడితే అర్థమయ్యేది కాదు. భర్త పెన్షన్ ఏదో ఒక ఆఫీసులో ఇరుక్కుపోయింది. పక్కింటావిడ చెబితే జాక్ తనే ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులు చూసి బూట్లు విప్పాడు. వంటింట్లో గోడకున్న ఫోన్ తీసుకుని, ఎవరినో పేరు పెట్టి పిలిచి, నవ్వుతూ నవ్వుతూనే గట్టిగా మాట్లాడాడు. ఆమె పెట్టిన టీ చల్లారకముందే పనయిపోయింది. మరో నెలకి, ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చునే మనిషి కావాలి, వస్తావా అని కబురు పెట్టాడు.

జాక్ మాట్లాడతానన్నాడంటే ఆ పని అయినట్టేనని ఆమెకి ఆ రోజు పడిన నమ్మకం. తర్వాత పన్నెండేళ్ళు ఆ ఆఫీసులో కూర్చుని అది నిజం కావడం చూసింది. ఇళ్ళు దొరికినవాళ్ళు, ఆపరేషన్ తేదీ ముందుకి జరిగినవాళ్ళు, ఆగిపోయిన పెన్షన్ మళ్ళీ వచ్చినవాళ్ళు ఆమె బల్ల ముందు నుంచే లోపలికి వెళ్ళారు, ఆమె బల్ల ముందు నుంచే కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

జాక్ భార్య షీలా చనిపోయిన ఏడాదికి మొదటిసారి తేడా కనపడింది. కారులో వెళుతుండగా, "మనం ఎక్కడికి వెళుతున్నాం లవ్?" అని, ఆడవాళ్ళందరినీ పిలిచే పిలుపుతోనే, అడిగాడు. చెప్పింది. వంతెన దాటాక మళ్ళీ అడిగాడు. వయసు, దిగులు అనుకుంది. కొన్ని నెలలకి పేర్లు పోవడం మొదలైంది. జాక్‌కి ఉన్న ఆస్తి అంతా పేర్లే. అప్పుడే ఆమె భుజం వెనకకి చేరింది. ఎవరూ ఆమెను అలా చేయమనలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం కుదరలేదు.

2001 ఎన్నికలకి పార్టీ రాష్ట్ర రాజధాని హోబార్ట్ నుంచి బ్రెండన్ అనే కుర్ర మేనేజర్ని పంపింది. వచ్చిన వారానికే అతనికి అర్థమైంది. తలుపు మూసి ఆమెను కూర్చోబెట్టాడు.

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళుగా."

"డాక్టర్?"

"వెళ్ళనంటాడు."

బ్రెండన్ కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిని చూశాడు. "ఈ ఒక్కసారి గెలవనీ. ఏడాది తర్వాత ఆరోగ్యం పేరు చెప్పి తప్పుకుంటాడు. ఈలోపు మేం ఇంకో మనిషిని తయారు చేసుకుంటాం. నువ్వు ఇప్పుడు ఏం చేస్తున్నావో అదే చెయ్యి. ఆయన పక్క వదలకు."

ఆమె సరేనంది. తను జాక్‌ని కాపాడుతున్నాననే అనుకుంది.

ఫైజాన్‌ది ఆదోని. 1998లో, కంప్యూటర్లన్నీ రెండువేల సంవత్సరం రాగానే ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజుల్లో, లాన్సెస్టన్‌లో ఒక బీమా కంపెనీ పాత ప్రోగ్రాములు సరిచేయడానికి అతన్ని తాత్కాలిక వీసా మీద రప్పించింది. పాత కోబాల్ భాష తెలిసినవాళ్ళకి అప్పుడు గిరాకీ. ఆ అర్ధరాత్రి ఏమీ ఆగలేదు. కంపెనీ కేక్ కోయించింది. పని బాగుందని ఉంచుకుంది, పర్మనెంట్ వీసాకి తనే కాగితాలు పెట్టింది. ఇంకో ఏడాదికి సాఫ్ట్‌వేర్ వ్యాపారం కుప్పకూలాక, అదే కంపెనీ ఆ విభాగం మూసేసి కాగితాలు వెనక్కి తీసుకుంది. వీసా తిరస్కరించారు. భార్య తూబా అక్కడ టీచర్ ట్రైనింగ్ సగంలో ఉంది. కూతురు మరియం ఆ ఊళ్ళోనే పుట్టింది. మూడేళ్ళది.

ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఫైజాన్, తూబా పండగకి రత్నకుమారి ఇంటికి సేమ్యా తెచ్చేవారు, ఆమె గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఇచ్చేది. కాబట్టి తిరస్కరణ ఉత్తరం రాగానే వాళ్ళు ఇంకెక్కడికీ వెళ్ళలేదు. సెప్టెంబరు చివర్లో నేరుగా ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

ఆమె వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి జాక్ వెనక నిలబడి పేర్లు అందించింది. ఆ రోజు జాక్ బాగానే ఉన్నాడు. మొత్తం విన్నాడు. మరియంని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కళ్ళజోడు ఇచ్చి ఆడుకోమన్నాడు. "ఈ పిల్ల మా ఊరి పిల్ల. ఎక్కడికీ పోదు. నేను మంత్రితో మాట్లాడతాను. ఇది నాకొదిలెయ్ మేట్" అని ఫైజాన్ భుజం తట్టాడు.

బయటికొచ్చాక తూబా కొంగుతో ముఖం తుడుచుకుంది. "అల్లా మీ సార్‌ని చల్లగా చూడల్ల ఆంటీ."

వాళ్ళు వెళ్ళాక రత్నకుమారి మంత్రికి ఉత్తరం టైపు చేయడం మొదలుపెట్టింది. ఆమె పద్ధతి అదే. జాక్ ఏదన్నా ఒప్పుకుంటే ఆమె రాస్తుంది, ఆయన సంతకం పెడతాడు. బ్రెండన్ వచ్చి ఆమె భుజం మీదుగా చదివాడు.

"ఇది వద్దు."

"ఎందుకని?"

"టీవీ చూడటం లేదా? సాయంత్రమైతే శరణార్థుల పడవలు, న్యూయార్క్‌లో కూలిన టవర్లు, మళ్ళీ పడవలు. ఈ నెలలో వీసా గురించి, అందులోనూ ఆ పేర్లున్న వాళ్ళ గురించి, ఈ ఆఫీసు నుంచి ఒక్క కాగితం కూడా బయటికి వెళ్ళదు. ఎవడో ఒకడు దాన్ని పేపర్‌కి ఇస్తాడు. జాక్‌ని ఫోన్ చేసుకోమను."

జాక్‌కి చెప్పింది. "చేస్తాను లవ్" అన్నాడు. రెండ్రోజులాగి అడిగింది. "మాట్లాడేశాగా. మంగళవారం. ఆయన చూస్తానన్నాడు." అంత తేలిగ్గా, రోజుతో సహా చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఏం చేయాలో ఆమెకి తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఫైజాన్ ఒక్కడే వచ్చాడు. ఆఫీసు నిండా కార్యకర్తలు. కరపత్రాలు కట్టలు కడుతున్నారు. బ్రెండన్ పక్క బల్ల మీద కూర్చుని ఫోన్లో ఎవరినో తిడుతున్నాడు. ఫైజాన్ బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"ఆంటీ, ఒక మాట. ఆ కాగితంలో రాసినారు, ట్రైబ్యునల్‌కి అప్పీలు వేసుకోవచ్చంట. దానికో గడువుండాది. వేయల్నా?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"అదే ఆలోచన జేస్తా ఉండా. మంత్రితో మాట్లాడతానని సారే చెప్పినంక, మళ్ళా మనం గవర్నమెంటు మీద కేసేస్తే ఏం బాగుంటాది? నీ మాట మీద నమ్మకం లేదు అని ఆయన మొగాన చెప్పినట్లు కాదా? మా ఊర్లో ఎమ్మెల్యే ఒక పని చేస్తానన్నాక కోర్టుకు పోయినోణ్ణి, మళ్ళా వాకిలి తొక్కనియ్యరు ఆంటీ. మీకు తెల్దా."

ఆమెకి తెలుసు. తెనాలిలోనూ అంతే. పెద్దమనిషి మాటిచ్చాక ఇంకో తలుపు తట్టడమంటే ఆ మాటను తిరిగి ఆయన చేతిలోనే పెట్టడం. ఈ దేశంలో అలా కాదని, ఇక్కడ అప్పీలుకి ఎవరూ నొచ్చుకోరని కూడా పన్నెండేళ్ళ ఆఫీసు అనుభవంతో ఆమెకి తెలుసు. "వెయ్యి" అంటే సరిపోయేది. కానీ ఆ తర్వాత ఫైజాన్ "ఎందుకాంటీ, సార్ చూసుకోరా?" అంటాడు. దానికి ఆమె జవాబు చెప్పాలి. పక్క బల్ల దగ్గర బ్రెండన్ ఫోన్ పెట్టేసి వీళ్ళ వైపు చూస్తున్నాడు. తెలుగు రాకపోయినా చూస్తున్నాడు.

"తొందరపడకు. ఆయన మాట్లాడానన్నాడుగా. నేను మళ్ళీ గుర్తుచేస్తాలే" అంది.

ఫైజాన్ ముఖం తేటపడింది. "అదే తూబాకి చెప్పినా నేను. అది వేద్దాం, వేద్దాం అని పోరు. ఇంక మీరు చెప్పినారు కదా, చాలు." పోతూ పోతూ, "ఓట్లప్పుడు ఏమన్నా పనుంటే చెప్పండి ఆంటీ. మాకు ఓటు లేదు గానీ, కాళ్ళూ చేతులూ ఉండాయి" అన్నాడు.

గడువు అక్టోబరులో దాటిపోయింది. పొడిగించే వీలు లేని గడువు అది.

దాటిన తర్వాతి వారం జాక్ వరసగా మూడు పొద్దులు షీలా ఇంకా లేవలేదా అని అడిగాడు. మూడోనాడు రత్నకుమారి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మంత్రి ఆఫీసుకి తనే ఫోన్ చేసింది. అక్కడ ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. జాక్ నుంచి ఈ ఏడాదంతా ఏ ఫోనూ రాలేదంది. ఫైజాన్ పేరు ఎక్కడా లేదంది. తర్వాత, అడగకుండానే ఇంకో ముక్క చెప్పింది.

"ఆయన ట్రైబ్యునల్‌కి వెళ్ళారా?"

"లేదు."

"అయితే మేం ఏమీ చేయలేమండీ. ట్రైబ్యునల్ తీర్పంటూ ఒకటి ఉంటేనే మంత్రిగారు కలగజేసుకోగలరు. అక్కడ ఓడిపోయినా ఫరవాలేదు, తీర్పు మాత్రం ఉండాలి. చట్టం అది. వెళ్ళకపోతే, మంత్రిగారు చేద్దామనుకున్నా ఆయన చేతిలో అధికారం లేదు."

అంటే జాక్ నిజంగా మాట్లాడి ఉన్నా ఉపయోగం లేదు. ఏ అప్పీలు వేస్తే జాక్‌ని అవమానించినట్టవుతుందని ఫైజాన్ భయపడ్డాడో, జాక్ మాట చెల్లాలన్నా ఆ అప్పీలే కావాలి. లాన్సెస్టన్‌లో పెన్షన్ల కేసులొస్తాయి, ఇళ్ళ కేసులొస్తాయి. వీసా కేసులు ఏడాదికొకటి వస్తే ఎక్కువ. ఆమెకి ఈ సంగతి తెలియదు. జాక్‌కి ఒకప్పుడు తెలిసే ఉంటుంది.

ఆ సాయంత్రం మెల్‌బోర్న్‌లో ఉన్న కూతురికి ఫోన్లో చెప్పింది. తన్మయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

"జస్ట్ టెల్ దెమ్, మమ్."

"ఇప్పుడు చెప్తే ఏమవుతుందో తెలుసా? వాళ్ళు ఎవరో ఒకరికి చెబుతారు. ఊరంతా పాకుతుంది. జాక్ ఓడిపోతాడు. ఇంతకాలం చేసిన మనిషి, పేపర్లో ముసలి పిచ్చోడిలా పడతాడు."

"సో వాట్?"

"సో వాట్ ఏంటే? మీ నాన్న పోయినప్పుడు నువ్వు తిన్న అన్నం ఎవరిది?"

"దట్స్ నాట్ దెయిర్ డెట్, మమ్" అని తన్మయి ఫోన్ పెట్టేసింది.

పోలింగ్ నవంబరులో ఒక శనివారం. గాలి ఈడ్చి కొడుతోంది. స్కూలు గేటు దగ్గర రెండు పార్టీల వాళ్ళు, వచ్చేవాళ్ళ చేతుల్లో కరపత్రాలు పెడుతున్నారు. ఏ పేరు పక్కన ఏ అంకె వేయాలో చూపించే కాగితాలు అవి. ఇక్కడ ఒక్క పేరుకి గుర్తు వేస్తే చెల్లదు, అందరికీ వరసగా అంకెలు వేయాలి. లోపల పిల్లల తల్లిదండ్రులు సాసేజ్‌లు కాల్చి అమ్ముతున్నారు. జాక్ బొమ్మ ఉన్న చొక్కా తొడుక్కుని, గేటు తెరవకముందే ఫైజాన్ వచ్చి నిలబడ్డాడు.

రత్నకుమారి అతన్ని చూసి ఆగిపోయింది.

"నువ్వెందుకు వచ్చావు?"

"బాగుందాంటీ! బ్రెండన్ మనుషులు చాల్లేరన్నాడు. నిలబడేదానికి పాస్‌పోర్టు అడగరు గదా."

పొద్దు ఎక్కాక వరసలో ఒక లావాటి మనిషి అతని చేతిలో కాగితం చూసి, "నువ్వు ఏ పడవలో వచ్చావు?" అన్నాడు.

"విమానంలో సార్. కిటికీ సీటు" అన్నాడు ఫైజాన్, కాగితం అతని చేతిలో పెడుతూ. వరసలో ఇద్దరు నవ్వారు. ఆ మనిషి కాగితం నలిపి కింద పడేశాడు. ఫైజాన్ వంగి తీసి, మడతలు సాపు చేసి మళ్ళీ కట్టలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె అతనికి డబ్బాలో తెచ్చిన పులిహోర ఇచ్చింది. మెట్ల మీద కూర్చుని తిన్నాడు. ఆమె అప్పుడు చెబుదామనుకుంది. అతని నోట్లో ముద్ద ఉంది. ఎదురుగా జాక్ ఓటర్ల మధ్య చేతులు కలుపుతూ, వెనక ఎవరూ లేక తడబడుతూ, ఆమె కోసం చూస్తున్నాడు. ఆమె లేచి వెళ్ళింది.

"హెలెన్. కొడుకు నేవీలో."

"హెలెన్! అబ్బాయి సముద్రం మీదేనా?"

జాక్ గెలిచాడు. ఆధిక్యం ఎప్పుడూ లేనంత తగ్గింది, అయినా గెలిచాడు. బ్రెండన్ ఆమెను కావలించుకుని, "ఇది నీ గెలుపు" అన్నాడు. అది నిజమేనని ఆమెకి తెలుసు.

తర్వాతి బుధవారం ఆఫీసుకి సెలవు పెట్టి మోబ్రే పేటలో ఫైజాన్ వాళ్ళ అద్దె ఇంటికి వెళ్ళింది. తూబా టీ ఇచ్చింది. మరియం నేల మీద బొమ్మలకి పడక వేస్తోంది. రత్నకుమారి ఎక్కడా ఆపకుండా చెప్పేసింది. జాక్ మతిమరుపు, చేయని ఫోను, ట్రైబ్యునల్ సంగతి, మంత్రికి లేని అధికారం.

ఫైజాన్‌కి ముందు అర్థం కాలేదు. "అంటే ఇప్పుడు ఎలక్షన్ అయిపోయింది గదా, సార్ మళ్ళా ఒకసారి మాట్లాడితే..."

"లాభం లేదు నాయనా. ఎవరు మాట్లాడినా లాభం లేదు. హోబార్ట్‌లో లాయర్ని కూడా అడిగాను."

"ఆంటీ." తూబా గొంతు మామూలుగానే ఉంది. "ఆయనకు మతి లేదని మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండేళ్ళుగా."

"ఈయన వచ్చి అప్పీలు వేయల్నా అని అడిగిన పొద్దు తెలుసు."

"తెలుసు."

"ఫోను చేయలేదని?"

"ఓట్లకి ముందే తెలిసింది."

తూబా భర్త వైపు తిరిగింది. "విన్నావా? పొద్దంతా ఆ గాలిలో నిలబడి కాగితాలు పంచినావే. ఆమెకు తెలుసంట. తెలిసే పులిహోర పెట్టింది."

"తూబా, ఊరుకో."

"ఎందుకు ఊరుకోవల్ల? నేను వేద్దామంటే నన్ను నోరు మూయించినావు. సార్ బాధపడతాడు, ఆంటీ బాధపడతాది. మన గురించి ఎవురు బాధపడినారు?"

రత్నకుమారి తప్పయిపోయిందని అనబోయింది. తూబా ఆమె ముందున్న టీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి సింకులో పారబోసింది. ఆ చప్పుడు ముందుగదిలోకి వినపడింది. ఫైజాన్ ఆమెను గేటు దాకా సాగనంపాడు. "పేపర్‌కి పోనులే ఆంటీ, భయపడాకండి" అన్నాడు. "కెనడాకు అప్లై చేసుకోవల్ల. గొడవ పెట్టుకున్నోడని పేరెందుకు." అతను దయతో అన్నాడో, లెక్కతో అన్నాడో ఆమె తేల్చుకోలేకపోయింది.

తిరుగు టికెట్లు చూపిస్తే వీసా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఫిబ్రవరి దాకా ఉండనిచ్చారు. తూబా ట్రైనింగ్ ఆగిపోయింది. సోఫా, ఫ్రిజ్, మరియం మంచం అమ్ముడుపోయాయి. రత్నకుమారి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ తలుపు తీయలేదు. లోపల మరియం పాడుకోవడం వినపడింది.

పెద్ద విమాన కంపెనీ ఒకటి మూతపడ్డాక ఆ ఏడాది లాన్సెస్టన్ నుంచి మెల్‌బోర్న్‌కి విమానాలు తగ్గిపోయాయి. ఊరు వదిలిపోయేవాళ్ళూ, పార్లమెంటుకి వెళ్ళేవాళ్ళూ ఒకే విమానం ఎక్కాలి. ఫిబ్రవరిలో కొత్త పార్లమెంటు మొదలయ్యే ముందురోజు రత్నకుమారి జాక్‌ని విమానాశ్రయానికి తీసుకొచ్చింది. కౌంటర్ దగ్గర ఆ ముగ్గురూ ఉన్నారు. నాలుగు సూట్‌కేసులు, తాడుతో కట్టిన ఒక అట్టపెట్టె.

జాక్ ముందు పిల్లని చూశాడు. ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళజోడు తీసి ఇచ్చాడు. మరియం అది తీసుకుని పెట్టుకుంది. ఆ పిల్లకి ఆయన గుర్తున్నాడు.

జాక్ లేచి ఫైజాన్‌కి చేయి అందించాడు. ఒక్క క్షణం ఆగాడు. పేరు కోసం ఆగాడు. భుజం వెనక నుంచి ఏ గొంతూ రాలేదు.

"సెలవులకా, మేట్?"

ఫైజాన్ ఆ చేయి అందుకున్నాడు. "అవును జాక్."

"బాగుంది, బాగుంది. త్వరగా వచ్చేయండి. ఇక్కడ మీలాంటి వాళ్ళు కావాలి."

తూబా సూట్‌కేసు పిడి మీద చేయి వేసి నేల వైపు చూస్తోంది.

రత్నకుమారి ఫోన్ మోగింది. మెల్‌బోర్న్‌లో జాక్‌ని కలుసుకుని కాన్‌బెరా విమానం ఎక్కించాల్సిన పార్టీ అమ్మాయి. కారు చెడిపోయిందట, రాలేనంది. ఆ పెద్ద విమానాశ్రయంలో జాక్ ఒక్కడూ గేటు వెతుక్కోలేడని ఆమె పక్కవాళ్ళకి వినపడేలా ఫోన్లోనే అనేసింది. ఎక్కడికో నడిచి వెళ్ళిపోతాడు, ఎవరినో షీలా ఎక్కడని అడుగుతాడు, అది రేపటి పేపర్లో వస్తుంది. ఆమె ఫోన్ పెట్టేసి జాక్‌ని చూసింది. తర్వాత, తనకి తెలియకుండానే, ఫైజాన్‌ని చూసింది.

తూబా తలెత్తింది.

"అడగండి ఆంటీ" అంది. "అది కూడా అడగండి."

రత్నకుమారి కోటు గుండీలు అవసరం లేకపోయినా పెట్టుకుంది. సూట్‌కేసులు కౌంటర్‌లో ఇచ్చేసేసరికి విమానం ఎక్కాలని పిలిచారు. జనం గాజు తలుపు వైపు కదిలారు. జాక్ చేతిలో టికెట్ పట్టుకుని, అందరికీ నవ్వుతూ, వచ్చిన దారిలోనే వెనక్కి, కారు పార్కింగ్ వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆమె ఒక అడుగు వేసింది.

ఫైజాన్ అట్టపెట్టె కింద పెట్టాడు. నాలుగంగల్లో వెళ్ళి జాక్ మోచేయి పట్టుకున్నాడు. "ఇటు, జాక్" అన్నాడు ఇంగ్లీషులో. వెనక్కి తిరిగి భార్యతో, "పెట్టె నువ్వు పట్టుకో" అన్నాడు.

తూబా చాలాసేపు కదల్లేదు. తర్వాత అట్టపెట్టె ఎత్తుకుంది. మరియం ముఖం మీది కళ్ళజోడు తీసి, రత్నకుమారికి ఇవ్వకుండా, తన కోటు జేబులో వేసుకుంది. విమానంలో ఆయనకి తనే ఇస్తుందని రత్నకుమారి అనుకుంది. ఇస్తుందో లేదో తెలిసే దారి లేదు.

విమానం దాకా బయట సిమెంటు నేల మీద నడిచే వెళ్ళాలి. ఫైజాన్, జాక్ ముందు. తూబా, పిల్ల వెనక. మెట్ల దగ్గర జాక్ ఆగి, మీటింగుల్లో ఊపినట్టు, భవనం వైపు చేయి ఊపాడు. గాజు వెనక ఉన్న కొందరు నవ్వుతూ తిరిగి ఊపారు. "అడుగో జాక్" అన్నారెవరో. తూబా వెనక్కి చూడలేదు.

రత్నకుమారి విమానం లేచేదాకా ఉండి, కారు తీసి ఆఫీసుకి వచ్చింది. ముందు బల్ల దగ్గర కుర్చీలో అప్పటికే ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. పెన్షన్ ఆగిపోయిందన్నాడు.

"జాక్ ఉన్నాడా?" అని అడిగాడు.

"కాన్‌బెరా వెళ్ళాడు" అంది.

"ఫరవాలేదులే. వచ్చాక ఒక్క మాట మాట్లాడమని చెప్పు. ఆయన మాట్లాడితే చాలు."

ఆమె కోటు విప్పకుండానే కూర్చుంది. "ఆయన మాట్లాడడు" అంది. "ఆ ఉత్తరం ఇలా ఇవ్వండి. అప్పీలు గడువు ఎప్పుడో చూస్తాను."

ముసలాయన ముఖం చిన్నబోయింది. ఉత్తరం జేబులోనే ఉంచుకుని, "జాక్ వచ్చాకే వస్తాలే" అని లేచి వెళ్ళిపోయాడు.